ఒట్టో బేయర్

ఒట్టో బేయర్ (నవంబర్ 4, 1902 - ఆగష్టు 1, 1982) జర్మనీ దేశానికి చెందిన రసాయన శాస్త్రవేత్త. పాలీయురెథేన్ అనే పాలిమర్ల కుటుంబానికి ఆద్యుడు. పరుపులలో వాడే మెత్తని ఫోమ్, చెప్పుల అడుగులు, కారు సీట్లు, రిఫ్రిజిరేటరు గోడలలో నింపే గట్టి నురుగు, ఇళ్ళ పైకప్పులపై పిచికారీ చేసే ఉష్ణబంధక పొర - ఇవన్నీ ఈయన 1937లో కనుగొన్న ఒకే రసాయన చర్య నుండి వచ్చినవి. భవనాలను చల్లబరచడానికి, వెచ్చబరచడానికి అయ్యే ఇంధనాన్ని ఆదా చేసే పదార్థాలలో పాలీయురెథేన్ నురుగుది ప్రముఖ స్థానం.

పేరును బట్టి ఈయనను బేయర్ మందుల కంపెనీ స్థాపకుల వంశీయుడని చాలామంది పొరబడుతుంటారు. 1863లో ఆ సంస్థను నెలకొల్పిన ఫ్రీడ్రిష్ బేయర్‌కు, ఈయనకు ఎటువంటి బంధుత్వమూ లేదు. ఉద్యోగ జీవితంలో అధిక భాగం అదే సంస్థలో గడపడం కేవలం కాకతాళీయం. నీలిమందు నిర్మాణాన్ని తేల్చి నోబెల్ బహుమతి పొందిన అడాల్ఫ్ ఫాన్ బేయర్ మరొక వ్యక్తి. జర్మన్ ఉచ్చారణలో ఈ పేరు "బాయర్"కు దగ్గరగా ఉంటుంది, కాని తెలుగు పత్రికలలో బేయర్ అన్న రూపమే స్థిరపడింది.

జననం, విద్యాభ్యాసం

ఒట్టో బేయర్ ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో జన్మించాడు. అదే నగరంలోని విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రం అభ్యసించి, జూలియస్ ఫాన్ బ్రౌన్ అనే ఆచార్యుని పర్యవేక్షణలో 1924లో డాక్టరేటు పొందాడు. అప్పటికి ఆయన వయస్సు ఇరవై రెండేళ్ళు. మొదటి ప్రపంచ యుద్ధానంతరం జర్మనీ ఆర్థికంగా చితికిపోయిన రోజులవి. అయినప్పటికీ సేంద్రియ రసాయన శాస్త్రంలో, ముఖ్యంగా అద్దకపు రంగుల తయారీలో, ఆ దేశానికి సాటి రాగల దేశం మరొకటి లేదు. 1925లో ప్రముఖ రంగుల కంపెనీలు ఏకమై ఐ.జి. ఫార్బెన్ అనే మహా సంస్థగా అవతరించాయి. బేయర్ 1927లో ఫ్రాంక్‌ఫర్ట్ శివారులోని కాసెల్లా రంగుల కర్మాగారంలో ఉద్యోగంలో చేరాడు. 1934 నాటికి లెవర్‌కూసెన్‌లోని ప్రధాన పరిశోధనశాల బాధ్యత ఆయన చేతికి వచ్చింది. ముప్పై రెండేళ్ళు నిండకముందే అంతటి పదవి దక్కడం ఆ రోజులలో అరుదు.

పరిశోధనకు నేపథ్యం

1935లో అమెరికాలో డ్యూపాంట్ సంస్థకు చెందిన వాలెస్ కరోథర్స్ నైలాన్‌ను తయారు చేశాడు. చిన్న చిన్న అణువులు ఒకదానితో ఒకటి కలిసినపుడు నీటి అణువులను వదిలిపెట్టి పొడవైన గొలుసులుగా మారడం కరోథర్స్ పద్ధతి. డ్యూపాంట్ ఈ పద్ధతికి చుట్టూ పేటెంట్ల కంచె కట్టింది. కృత్రిమ నారల వ్యాపారంలో వెనుకబడకూడదంటే ఆ కంచె బయట నడిచే మరొక దారి వెదకడం ఐ.జి. ఫార్బెన్‌కు తప్పనిసరి అయింది. సంస్థ రసాయనవేత్తలలో ఒకడైన పాల్ ష్లాక్ 1938లో కాప్రోలాక్టమ్ నుండి పెర్లాన్ తయారు చేసి ఒక దారి కనిపెట్టాడు. బేయర్ అంతకు ముందే వేరొక దారిన బయలుదేరాడు.

ఆయన ఆలోచనకు ఆధారం ఐసోసయనేట్లు. ఈ పదార్థాలు కొత్తవి కావు. ఫ్రెంచి శాస్త్రవేత్త వుర్ట్జ్ 1849లోనే వీటిని తయారు చేశాడు. హెంట్షెల్ 1884లో ఎమైన్లపై ఫాస్జీన్ వాయువును ప్రయోగించి వీటిని పొందే పద్ధతి చూపాడు. ఐసోసయనేటు ఆల్కహాలుతో కలిస్తే యురెథేన్ ఏర్పడుతుందని కూడా పాఠ్యపుస్తకాలలో ఉన్న సంగతే. బేయర్ వేసుకున్న ప్రశ్న ఒక్కటే. ఐసోసయనేట్ సమూహం అణువుకు ఒక కొసన మాత్రమే కాక రెండు కొసలా ఉంటే, ఆల్కహాలుకు కూడా రెండు కొసలా హైడ్రాక్సిల్ సమూహాలు ఉంటే ఏమవుతుంది? రెండు చేతులూ చాచిన పిల్లలు ఒకరి చేయి ఒకరు పట్టుకుంటూ పోతే వరుస ఎంత దూరమైనా సాగినట్లే, ఆ అణువులు కూడా అంతులేని గొలుసుగా పెరగాలి. పైగా ఈ చర్యలో నీరు గాని మరే ఇతర పదార్థం గాని విడిపోదు. రెండు అణువులలోని ప్రతి పరమాణువూ గొలుసులోనే మిగిలిపోతుంది. దీనినే సంకలన పాలిమరీకరణం అంటారు.

వినడానికి సులువుగా ఉన్న ఈ ఆలోచనను ఆయన సహచరులే మొదట నమ్మలేదు. రెండు కొసలా ఐసోసయనేట్ సమూహాలున్న పదార్థాలు అప్పటికి పరిశోధనశాలలో కూడా దాదాపుగా లేవు. వాటి తయారీకి ఫాస్జీన్ కావాలి. అది మొదటి యుద్ధంలో వేలమంది సైనికులను చంపిన విషవాయువు. పైగా ఐసోసయనేట్లు తేమ తగిలితే చాలు చెడిపోతాయి. అటువంటి పదార్థంతో టన్నుల కొద్దీ సరుకు తయారు చేయడం సాధ్యం కాదని అనుభవజ్ఞులు భావించడంలో వింత లేదు. బేయర్ తన బృందంతో పట్టుదలగా పని కొనసాగించాడు. ఆ బృందంలోని హైన్‌రిష్ రింకె హెక్సామిథిలీన్ డైఐసోసయనేటును, బ్యూటేన్ డయాల్‌ను కలిపి దారంగా లాగగల పదార్థాన్ని సాధించాడు. వెర్నర్ జీఫ్‌కెన్ వంటి వారు వందలాది ఐసోసయనేట్ల తయారీని పరీక్షించారు. 1937 నవంబర్ 13 తేదీతో ఈ పద్ధతికి 728981 సంఖ్య గల జర్మన్ పేటెంటు లభించింది. నారగా దీనికి పెర్లాన్ యు అనీ, ప్లాస్టిక్‌గా ఇగామిడ్ యు అనీ పేర్లు పెట్టారు.

ఇక్కడొక విశేషం గమనించాలి. నైలాన్‌కు పోటీగా నార తయారు చేయడమే ఈ పరిశోధన లక్ష్యం. ఆ పోటీలో పెర్లాన్ యు గెలవలేదు. పాలీయురెథేన్‌కు కీర్తి తెచ్చింది ఎవరూ కోరని నురుగు.

నురుగు పుట్టిన తీరు

1941 ప్రాంతంలో పాలీయెస్టరును, డైఐసోసయనేటును కలిపి పోత పోసిన అచ్చులలో బుడగలు రావడం మొదలైంది. పోత సరుకులో బుడగ ఉంటే అది పనికిరాని సరుకు. పరీక్షా విభాగం వారు ఆ ముక్కలను చూసి, చిల్లుల స్విస్ చీజ్‌కు నకలుగా తప్ప మరెందుకూ పనికిరావని తేల్చినట్లు చెబుతారు.

బుడగలు ఎందుకు వస్తున్నాయో వెదకిన బేయర్ బృందానికి కారణం దొరికింది. పాలీయెస్టరులో మిగిలిపోయిన ఆమ్ల సమూహాలు ఐసోసయనేటుతో చర్య జరిపి కార్బన్ డయాక్సైడ్ వాయువును విడుదల చేస్తున్నాయి. నీరు కలిసినా ఇదే జరుగుతుంది. నీటితో ఐసోసయనేటు కలిస్తే ఒక ఎమైన్, కార్బన్ డయాక్సైడ్ ఏర్పడతాయి. ఆ ఎమైన్ మరొక ఐసోసయనేటుతో కలిసి గొలుసును గట్టిపరుస్తుంది. అంటే ఒకే చర్య వాయువునూ పుట్టిస్తుంది, ఆ వాయువు చుట్టూ గోడనూ కడుతుంది. పులిసిన ఇడ్లీ పిండిలో సూక్ష్మజీవులు పుట్టించిన వాయువు పిండిలో చిక్కుకుని ఉబ్బుతుంది, ఆవిరికి పిండి గట్టిపడినపుడు గుల్లదనం అలాగే నిలిచిపోతుంది. పాలీయురెథేన్ నురుగులో ఉబ్బడం, గట్టిపడడం రెండూ కొద్ది క్షణాల తేడాతో, పొయ్యి అవసరం లేకుండా, చర్యలో పుట్టిన వేడితోనే పూర్తవుతాయి. వాయువు తొందరపడితే నురుగు కూలిపోతుంది. గోడ తొందరపడితే ఉబ్బదు. ఈ రెంటి వేగాన్నీ సరితూచే ఉత్ప్రేరకాలను కనిపెట్టడానికి ఎన్నో ఏళ్ళు పట్టింది.

లోపంగా కనిపించిన దానిని పారవేయక, నీటిని కావాలనే కొలతగా కలిపి నురుగును అదుపులోకి తేవడం బేయర్ బృందం చేసిన గొప్ప పని. పీటర్ హోప్పె మొదలైన వారు రెండు ద్రవాలను వేగంగా కలిపి ఎడతెగకుండా నురుగు పోసే యంత్రాలను రూపొందించారు. ఇవి 1950వ దశకంలో వాడుకలోకి వచ్చాయి. ముడి ద్రవాలు డెస్మోడూర్, డెస్మోఫెన్ అనే వాణిజ్య నామాలతోను, నురుగు మోల్టోప్రెన్ పేరుతోను ప్రసిద్ధి చెందాయి.

యుద్ధ కాలం

ఈ పరిశోధన జరిగిన చోటును, కాలాన్ని విడిచి బేయర్ జీవితాన్ని చెప్పడం సరికాదు. ఐ.జి. ఫార్బెన్ నాజీ ప్రభుత్వ యుద్ధ సన్నాహాలకు వెన్నెముకగా నిలిచిన సంస్థ. ఆష్విట్జ్ నిర్బంధ శిబిరం ప్రక్కనే అది నిర్మించిన కర్మాగారంలో వేలాది ఖైదీలు వెట్టిచాకిరీ చేస్తూ మరణించారు. 1947-48లో నూరెంబర్గ్‌లో ఆ సంస్థ అధికారులు 24 మందిపై విచారణ ప్రారంభమైంది. ఆ జాబితాలో ఒట్టో బేయర్ పేరు లేదు. అయితే ఆయన పరిశోధనశాల ఆ సంస్థ సొమ్ముతో నడిచినదే. పాలీయురెథేన్ తొలి ఉపయోగాలలో కూడా యుద్ధ అవసరాలకు తయారైన పూతలు, జిగురులు, విమాన భాగాలలో వాడిన తేలికపాటి నురుగు ఉన్నాయి.

యుద్ధం ముగిశాక మిత్రరాజ్యాల నిపుణుల బృందాలు జర్మన్ కర్మాగారాలను తనిఖీ చేసి అక్కడి రహస్యాలను నివేదికలుగా ప్రచురించాయి. ఆ విధంగా పాలీయురెథేన్ విజ్ఞానం బ్రిటన్, అమెరికాలకు చేరింది. బేయర్ స్వయంగా 1947లో ఆంగెవాండ్టె కెమీ పత్రికలో తన పద్ధతిని సవివరంగా వ్రాశాడు. ఆ రంగంలో అడుగుపెట్టేవారికి అది చాలాకాలం మూలగ్రంథం వంటిదయింది.

ఐ.జి. ఫార్బెన్ ముక్కలయ్యాక 1951లో బేయర్ సంస్థ తిరిగి స్వతంత్రంగా ఏర్పడింది. ఒట్టో బేయర్ దాని పాలక మండలి సభ్యుడై, పరిశోధనకు నాయకత్వం వహించాడు. 1954లో అమెరికాలోని మోన్‌శాంటోతో కలిసి మోబే అనే ఉమ్మడి సంస్థ ఏర్పడడంతో పాలీయురెథేన్ ముడిసరుకులు అక్కడ కూడా భారీగా తయారయ్యాయి.

ఉష్ణబంధకంగా పాలీయురెథేన్

గట్టి నురుగులో ఘనపదార్థం చాలా తక్కువ. ఘన మీటరు పాలీయురెథేన్ సుమారు 1200 కిలోలు తూగితే, అదే పరిమాణం గల ఉష్ణబంధక నురుగు 30 నుండి 40 కిలోలే తూగుతుంది. అంటే నూటికి 97 పాళ్ళు వాయువే. కదలని వాయువు వేడిని చాలా నెమ్మదిగా మోస్తుంది. ఉన్ని గొంగళి వెచ్చగా ఉండడానికీ, రంపపు పొట్టులో పెట్టిన ఐసుగడ్డ చాలాసేపు కరగకపోవడానికీ కారణం అదే. అయితే గొంగళి పోగుల మధ్య గాలి తిరుగుతూ ఉంటుంది. నురుగులో ఒక్కొక్క బుడగ మూసిన గది కాబట్టి వాయువు ఎటూ కదలలేదు. బుడగలలో గాలికి బదులు దానికంటె తక్కువ ఉష్ణ వాహకత గల వాయువును నింపితే ఫలితం మరింత మెరుగవుతుంది.

ఉష్ణ వాహకతను మీటరుకు, డిగ్రీకి ఇన్ని వాట్లు అని కొలుస్తారు. ఇటుక గోడకు ఈ విలువ దాదాపు 0.7. కాంక్రీటుకు 1.5 ప్రాంతంలో ఉంటుంది. ఖనిజ ఊలు, థర్మోకోల్ వంటివాటికి 0.035 నుండి 0.040 వరకు. పాలీయురెథేన్ గట్టి నురుగుకు 0.022 నుండి 0.028 మాత్రమే. ఈ లెక్కన 5 సెంటీమీటర్ల నురుగు పొర ఆపినంత వేడిని ఇటుకతో ఆపాలంటే సుమారు 1.4 మీటర్ల మందం గోడ కట్టాలి. పాతకాలపు కోట గోడల చల్లదనం గురించి చెప్పుకునేవారికి ఈ లెక్క ఆసక్తి కలిగిస్తుంది. అయితే మందపు గోడ పగటి వేడిని తనలో దాచుకుని రాత్రికి వదులుతుంది. నురుగుకు ఆ గుణం లేదు. అది వేడిని ఆపుతుందే గాని దాచదు.

ఈ గుణాన్ని మొదట బాగా వాడుకున్నది రిఫ్రిజిరేటర్ల పరిశ్రమ. అంతకు ముందు గోడలలో గాజు ఊలు నింపేవారు. 1960వ దశకంలో దాని స్థానంలో నురుగు వచ్చాక గోడలు పలుచనై, బయటి కొలతలు మారకుండానే లోపల చోటు పెరిగింది. శీతల గిడ్డంగులు, శీతల వాహనాలు ఆ వెనుకనే వచ్చాయి. రెండు రేకుల మధ్య నురుగు పోసి తయారు చేసే పలకలను మన దేశంలో పఫ్ ప్యానెల్ అంటారు. గుంటూరు ప్రాంతంలో మిరపకాయలు నిలవచేసే కొత్త శీతల గిడ్డంగులలోను, రొయ్యలను శుద్ధిచేసే కోస్తా కర్మాగారాలలోను ఈ పలకలే గోడలు.

ఇళ్ళ విషయంలో మలుపు తిప్పినది 1973 నాటి చమురు సంక్షోభం. చలిదేశాలలో ఇంటిని వెచ్చగా ఉంచడానికి కాల్చే చమురు ధర ఒక్కసారిగా పెరిగింది. గోడల గుండా బయటికి పోయే వేడి కంటికి కనిపించని దుబారా అని ప్రభుత్వాలు గుర్తించాయి. పశ్చిమ జర్మనీలో 1977లో భవనాల ఉష్ణ సంరక్షణకు మొదటి నియమావళి అమలులోకి వచ్చింది. రెండు ద్రవాలను తుపాకీ వంటి పరికరం కొసన కలిపి నేరుగా గోడపై పిచికారీ చేసే పద్ధతి అమెరికాలో వ్యాపించింది. ఇందులో మరొక సౌలభ్యం ఉంది. వేడి గోడ గుండా మాత్రమే కాక పగుళ్ళ గుండా, కిటికీ చట్రాల సందుల గుండా వచ్చే గాలితో కూడా పోతుంది. పిచికారీ చేసిన నురుగు ఆ సందులలోనికి ఉబ్బి వాటిని మూసివేస్తుంది.

తెలుగు నేలపై సమస్య తలక్రిందులు. ఇక్కడ వేడిని లోనికి రానీయకపోవడమే పని. మే నెల ఎండలో అతిగా కాగేది గోడల కంటె మేడ కప్పు. కప్పుపై నురుగు పరచి, దానిపై సిమెంటు పూత గాని పెంకులు గాని వేస్తారు. ఆ కప్పడం అలంకారం కాదు. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలకు పాలీయురెథేన్ పసుపుబారి, పొడిపొడిగా రాలిపోతుంది. భవనాలలో ఇంధన పొదుపుకు సంబంధించిన జాతీయ నియమావళిని భారత ప్రభుత్వం 2007లో ప్రకటించింది. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలు దానిని పెద్ద వాణిజ్య భవనాలకు వర్తింపజేశాయి.

విమర్శలు, ప్రమాదాలు

పాలీయురెథేన్ చరిత్రలో మెచ్చుకోదగిన అంశాలతో పాటు చేదు అధ్యాయాలు కూడా ఉన్నాయి. వాటిలో కొన్ని బేయర్ మరణించిన తరువాతే వెలుగులోకి వచ్చాయి.

1950వ దశకం చివరి నుండి గట్టి నురుగును ఉబ్బించడానికి సి.ఎఫ్.సి.-11 అనే వాయువు వాడేవారు. అది మంటకు లొంగదు, విషం కాదు, వేడిని బాగా ఆపుతుంది. ఇటువంటి వాయువులు ఓజోన్ పొరను నాశనం చేస్తాయని 1974లో మొలీనా, రోలండ్ హెచ్చరించారు. 1987 మాంట్రియల్ ఒప్పందంతో వీటికి స్వస్తి పలికే పని మొదలైంది. ఆపై వాడిన హెచ్.సి.ఎఫ్.సి.-141బి కూడా తాత్కాలికమే అయింది. భారతదేశం 2020 జనవరి 1 నాటికి దానిని పూర్తిగా నిలిపివేసింది. దాని స్థానంలో పెంటేన్ వంటి వాయువులు వచ్చాయి. పాత నురుగులో చిక్కుకున్న సి.ఎఫ్.సి. మాత్రం ఆయా వస్తువులు పగిలినపుడు నేటికీ బయటపడుతూనే ఉంది. గాలిలో సి.ఎఫ్.సి.-11 తగ్గవలసినంత వేగంగా తగ్గడం లేదని 2018లో శాస్త్రజ్ఞులు గుర్తించారు. తూర్పు చైనాలో నురుగు తయారీకి దానిని దొంగచాటుగా వాడుతుండడమే ఇందుకు ముఖ్య కారణమని తరువాత తేలింది.

రెండవది అగ్ని. పాలీయురెథేన్ కాలినపుడు కార్బన్ మోనాక్సైడ్‌తో పాటు హైడ్రోజన్ సయనైడ్ కూడా వెలువడుతుంది. అగ్ని ప్రమాదాలలో చాలామంది మంట తాకకముందే ఈ పొగకు బలి అవుతారు. మంటను కొంత మేరకు తట్టుకునే పాలీఐసోసయన్యురేట్ అనే దగ్గరి రకం తరువాత వచ్చింది. 2017 జూన్ 14న లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్‌లో 72 మంది మరణించినపుడు ఆ భవనానికి ఇంధన పొదుపు కోసం తొడిగిన పొరలలో ఈ పలకలు కూడా ఉన్నాయి. మంటను వేగంగా వ్యాపింపజేసినది ప్రధానంగా వాటిపైన అమర్చిన పాలీఇథిలీన్ నింపిన అల్యూమినియం రేకులని విచారణలో తేలింది. ఉష్ణబంధకాన్ని ఎంచుకునేటపుడు వేడి లెక్క ఒక్కటే చూస్తే చాలదని ఆ దుర్ఘటన చాటింది.

1984 డిసెంబరులో భోపాల్‌లో వేలాదిమందిని బలిగొన్న మిథైల్ ఐసోసయనేటు ఈ కుటుంబానికి బంధువే గాని పాలీయురెథేన్‌కు ముడిసరుకు కాదు. దానికి ఒకే కొసన ఐసోసయనేట్ సమూహం ఉంటుంది. దానిని పురుగుమందు తయారీకి వాడేవారు. అయితే ఆ రాత్రి ట్యాంకులో ప్రవేశించిన నీరు జరిపిన పని, బేయర్ బృందం కొలతగా నీరు కలిపి నురుగు పోసినపుడు జరిగే పని మూలంలో ఒక్కటే - ఐసోసయనేటు, నీరు కలిసి వేడినీ, కార్బన్ డయాక్సైడ్‌నూ పుట్టించడం. నురుగు తయారీలో వాడే డైఐసోసయనేట్లు మిథైల్ ఐసోసయనేటులా త్వరగా ఆవిరయ్యేవి కావు. అయినా వాటి ఆవిరి పీల్చిన కార్మికులకు ఉబ్బసం వచ్చే ప్రమాదం ఉన్నందున పిచికారీ చేసేవారు శ్వాస రక్షణ ముసుగు ధరించాలి. గట్టిపడిన నురుగుతో ఆ భయం లేదు.

2003 ఫిబ్రవరి 1న కల్పనా చావ్లాతో సహా ఏడుగురు వ్యోమగాముల మరణానికి దారితీసినది కూడా ఒక పాలీయురెథేన్ నురుగు ముక్కే. కొలంబియా నౌక ఇంధన ట్యాంకులోని అతిశీతల ద్రవాలు వేడెక్కకుండా కప్పిన నురుగు నుండి ఒక ముక్క ఊడి, నౌక రెక్కను దెబ్బతీసింది.

ఇతర కృషి

ఎసిటిలీన్, హైడ్రోజన్ సయనైడ్‌ల నుండి ఎక్రిలోనైట్రైల్ తయారుచేసే పద్ధతిని బేయర్ తన సహచరుడు పీటర్ కుర్ట్జ్‌తో కలిసి రూపొందించాడు. కృత్రిమ రబ్బరుకు, డ్రాలాన్ వంటి ఎక్రిలిక్ నారలకు అది ముడిసరుకు. సేంద్రియ రసాయన పద్ధతులపై జర్మన్ భాషలో వెలువడిన హౌబెన్-వైల్ అనే బృహత్ సంకలనానికి సంపాదకులలో ఈయన ఒకడు.

1967లో డస్సెల్‌డార్ఫ్ ప్లాస్టిక్ ప్రదర్శనలో బేయర్ సంస్థ పూర్తిగా ప్లాస్టిక్ దేహం గల కారును చూపింది. సీట్లు మొదలుకొని చాలా భాగాలు పాలీయురెథేన్‌తో చేసినవే. ముప్పై ఏళ్ళ క్రితం అసాధ్యమనిపించుకున్న రసాయన చర్య అప్పటికి ఒక పెద్ద పరిశ్రమ అయింది.

చివరి రోజులు

రబ్బరు, పాలిమర్ శాస్త్రంలో అత్యున్నత గౌరవంగా భావించే చార్లెస్ గుడ్‌ఇయర్ పతకం 1975లో ఒట్టో బేయర్‌కు లభించింది. 1982 ఆగష్టు 1న లెవర్‌కూసెన్‌కు సమీపంలోని బుర్షైడ్ పట్టణంలో ఆయన మరణించాడు. ఆయన పేరిట నెలకొల్పిన ఒట్టో బేయర్ పురస్కారాన్ని 1984 నుండి రసాయన, జీవరసాయన శాస్త్రాలలో విశేష కృషి చేసిన పరిశోధకులకు ఇస్తూ వచ్చారు.